నల్లడబ్బాలో బాతు

పెద్దమ్మ పోయిన నాలుగో రోజున, ఏలూరులో ఆవిడ ఇంటి ముందుగదిలో, గ్రేసు నా ఒళ్ళో ఒక బిస్కెట్ డబ్బా పెట్టింది. గ్రేసు పెద్దమ్మ కోడలు, అంటే నాకు తమ్ముడి భార్య. "ఇది మీకే ఇవ్వమన్నారు వదినా. మేమెవరమూ మూత కూడా తియ్యలేదు" అంది. మూత తియ్యనివాళ్ళు ఆ మాట అంత గట్టిగా చెప్పరు. పైగా డబ్బా చుట్టూ కట్టిన తాడు కొత్తది. లోపల బంగారం ఉంటుందని నలుగురూ కలిసి తీసి చూసి, లేనందుకు బాధపడి, ఇప్పుడు నిజాయితీగా నాకు అప్పజెబుతున్నారని అర్థమైంది. నేనేమీ తక్కువదాన్ని కాదు, తాడు విప్పుతున్నప్పుడు నాకూ ఆవిడ రెండుపేటల గొలుసే గుర్తొచ్చింది. తీరా చూస్తే ఒక లేసు సూది, తెల్లదారపు ఉండ, ఎండి గట్టిపడిన నిమ్మచెక్క, అరచేతికన్నా కాస్త పెద్ద లేసుముక్క, ఆ ముక్కలో చుట్టిపెట్టిన ఫ్లాపీ ఉన్నాయి. ఫ్లాపీ మీద అంటించిన కాగితంపై పెద్దమ్మ లావుపాటి అక్షరాలు: "బాతు. ముట్టుకుంటే చంపుతా."

ఏడుపు రావలసిన చోట నాకు నవ్వొచ్చింది. గదిలో పరామర్శకొచ్చిన చర్చి ఆడవాళ్ళు నావైపు అదోలా చూశారు. గ్రేసు మాత్రం పనిలో పనిగా, "జ్ఞాపకార్థ కూడిక కార్డు కూడా మీరే వేయించండి వదినా, మీకు కంప్యూటర్లు తెలుసు కదా" అంది. ముప్పై ఏళ్ళు కాలేజీలో పిల్లలకు కంప్యూటరు పాఠాలు చెప్పి రిటైరైన దాన్ని. నాకు కంప్యూటరు తెలిసింది ఆ ఇంట్లోనే, ఆ బాతు వల్లనేనని గ్రేసుకు తెలియదు.

మా అమ్మ ఉంగుటూరు దగ్గర పల్లెటూరి బళ్ళో టీచరు. నా ఇంటరు అయ్యాక, ఏలూరులో కొత్తగా పెట్టిన కంప్యూటరు సెంటరులో చేర్పించి, ఉండడానికి వాళ్ళక్క ఇంట్లో దింపింది. ఆ ఇంట్లో మగవాళ్ళూ ఆడవాళ్ళూ ఎక్కడో తారుమారయ్యారు. పెదనాన్న పెద్దమ్మని "ఏవండీ" అని పిలిచేవాడు. పెద్దమ్మ ఆయన్ని "ఏమయ్యా" అనేది. ఆయన శనివారం పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఆదివారం చొక్కా ఇస్త్రీ చేసుకునేవాడు. అన్నం ముందు కూర్చుని ఆయన ప్రార్థన మొదలుపెడితే దేశాధినేతల నుంచి వీధి చివర కుళాయి దాకా అందరినీ దీవించేవాడు. ఆయన ఇంకా రాష్ట్రం దాటి జిల్లాకి రాకముందే పెద్దమ్మ "ఆమెన్" అనేసి పులుసు వడ్డించేది. "దేవుడికి మన వీధి తెలుసులేవయ్యా, ముందు తిను" అనేది. ఆయన కళ్ళు మూసుకునే నవ్వేవాడు.

చేపల వ్యాపారం పెద్దమ్మది. కలిదిండి దగ్గర ఆవిడకి రెండు చెరువులుండేవి. తెల్లారేసరికి బస్సెక్కి వెళ్ళిపోయి, ముతక చీర మోకాళ్ళదాకా దోపి, వల లాగేవాళ్ళని తిట్టి, బొచ్చెలూ శీలావతులూ ఐసు పొడిలో పేర్పించి, మధ్యాహ్నానికి తిరిగొచ్చేది. వచ్చాక గంటసేపు స్నానం. తరవాత నిమ్మచెక్కతో చేతులు రుద్దుకోవడం ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. నాలుగింటికి వరండాలో కూర్చుని తెల్లదారంతో లేసు అల్లేది. చిన్నప్పుడు మిషను బోర్డింగులో దొరసాని నేర్పిన విద్య. చేప వాసన తగిలిన లేసుని ఎవరూ కొనరని ఆవిడ భయం. నా మటుకు నాకు ఆ ఇల్లంటే ఇప్పటికీ నిమ్మకాయా చేపా కలిసిన వాసనే. ఏ రెస్టారెంట్‌లోనైనా చేపముక్క మీద నిమ్మరసం పిండితే నేను పంతొమ్మిదేళ్ళ దాన్నైపోతాను.

ఇక బాతు సంగతి. కొల్లేటి చేపలు లారీల్లో హౌరా దాకా వెళ్ళేవి. అక్కడి మార్కెట్లో మోసేవాళ్ళకీ వేలంపాట పాడేవాళ్ళకీ తెలుగు రాదు, చాలామందికి ఏ చదువూ రాదు. అందుకని ఎవరి పెట్టెల మీద వాళ్ళు ఒక బొమ్మ వేయించేవాళ్ళు. ఒకరిది గొడుగు, ఒకరిది కత్తెర. పెదనాన్న భక్తిగా, మనది పావురం అన్నాడు, పరిశుద్ధాత్మ దిగివచ్చిన పావురం. పెయింటరుకి పావురం చెయ్యి తిరగలేదు. మెడ పొడుగై, మూతి చదునై, కింద రెండు పాదాలు చేప తోకల్లా విచ్చుకున్నాయి. మొదటి లారీ వెళ్ళిన వారానికే హౌరానుంచి కబురొచ్చింది, బాతు సరుకు బాగుంది, ఇంకా పంపమని. పెదనాన్న రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. పెద్దమ్మ మాత్రం, "వాళ్ళకి బాతయితే మనకీ బాతే. దేవుడేమీ అనుకోడు, నీళ్ళలో ఉండేదే కదా" అంది. నాలుగైదేళ్ళలో బాతు పెట్టె అంటే మూత తియ్యకుండానే పాట పెట్టేవాళ్ళని ఆవిడ ఎంత గొప్పగా చెప్పుకునేదో! ఐసు కింద చచ్చు చేపలు దాచని మనిషి అని ఆ మూల ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్ళు నమ్మారు. ఆవిడకి ఆ నమ్మకమే ఆస్తి.

నేను ఏలూరొచ్చిన ఏడాది ఐసు ఫ్యాక్టరీ మూర్తిగారు ఎక్కడినుంచో సెకండ్ హ్యాండు స్టిక్కర్ మిషను ఒకటి తెచ్చాడు. లారీలన్నీ ఆయన ద్వారానే వెళ్ళేవి. ఒక గురువారం అందరినీ పిలిచి చెప్పాడు. సోమవారం లారీనుంచి పెట్టెలమీద రంగు బొమ్మలుండవు, స్టిక్కర్లే. ఎవరి బొమ్మ వాళ్ళు ఫ్లాపీలో తెచ్చుకోవాలి. తేనివాళ్ళ సరుకు కలగలుపులో, ఫ్యాక్టరీ పేరుమీద వెళ్తుంది. "ఒక్క లారీయే కదండీ సువార్తమ్మగారూ" అన్నాడట. "మూర్తిగారూ, ఒక్క లారీలో బాతు కనపడకపోతే బాతు చచ్చిందనుకుంటారు" అని చెప్పి వచ్చింది పెద్దమ్మ. ఇంటికొచ్చి, నా వైపు చూసి, "ఏమే, నువ్వు నేర్చేది ఇదే కదా?" అంది.

నేను నేర్చింది ఇది కాదు. సెంటరులో రెండు నెలలుగా మాకు చెప్పింది కంప్యూటరు ఆన్ చెయ్యడం, ఆఫ్ చెయ్యడం, చెప్పులు బయట విడవడం. కానీ దాన్లో ఐకాన్లు గీసే ప్రోగ్రాం ఒకటి ఉండేది. ఐకాన్ అంటే తెర మీద కనిపించే బుల్లి బొమ్మ, అడ్డం ముప్పైరెండు గళ్ళు, నిలువు ముప్పైరెండు గళ్ళు. ఒక్కో గడీ నొక్కి రంగు నింపాలి. సారు చూడనప్పుడు నేను దాంతో పువ్వులూ జడలూ గీసేదాన్ని. ఆ గొప్పతో "ఓస్, ఇంతేనా పెద్దమ్మా" అన్నాను. ఆ "ఓస్" అన్న నోటిని తరవాత చాలా తిట్టుకున్నాను.

మర్నాడు బాతు గీశాను. తెల్లటి ఒళ్ళు, పసుప్పచ్చ ముక్కు, నారింజ పాదాలు, నల్లకన్ను. చుట్టూ గళ్ళకి ఏ రంగూ వెయ్యలేదు. ఐకాన్‌లో అలా వదిలేస్తే అక్కడ ఏమీ లేనట్టు, వెనకున్నది కనిపిస్తుంది. తెర మీద బాతు నీలం రంగు మీద నీళ్ళలో ఉన్నట్టే ఉంది. నన్ను నేనే మెచ్చుకున్నాను. కానీ మూర్తిగారి మిషను ఐకాన్ ఫైలు తీసుకోదు. దానికి పీసీఎక్స్ అనే పాతకాలపు రకం కావాలి, అది కూడా ఉత్త నలుపూ తెలుపూ. అలా మార్చే ప్రోగ్రాం తాడేపల్లిగూడెంలో డీటీపీ షాపు శాస్త్రిగారి దగ్గర ఉందని సారు చెప్పాడు. సాయంత్రం ప్యాసింజరెక్కి గూడెం వెళ్ళాను. శాస్త్రిగారు పెళ్ళికార్డుల హడావుడిలో ఉన్నారు. ఫ్లాపీ పెట్టి, రెండు మీటలు నొక్కి, "అయిపోయిందమ్మా" అన్నారు. తెరమీద ఫైలు పేరు కనిపించింది కానీ బొమ్మ కనిపించలేదు. చూపించండి అని అడగాలని కూడా నాకు తోచలేదు. అయిపోయిందంటే అయిపోయిందనుకునే వయసు అది.

శనివారం పెద్దమ్మా, పెదనాన్నా, నేనూ కలిదిండిలో ఐసు ఫ్యాక్టరీకి వెళ్ళాం. పెదనాన్న ఇస్త్రీ మానుకుని మరీ వచ్చాడు. మూర్తిగారు ఫ్లాపీ పెట్టి మిషను నడిపించాడు. కిర్రుమంటూ మొదటి స్టిక్కరు బయటికొచ్చింది. నల్లటి డబ్బా. మధ్యలో ముక్కూ కాళ్ళూ లేని తెల్లటి ఆనపకాయ. రెండోదీ అంతే, మూడోదీ అంతే. మిషను ఎలా ఆపాలో మూర్తిగారికి ఇంకా తెలియదు, అవి అలా వస్తూనే ఉన్నాయి. చివరికి ప్లగ్గు పీకాడు. పెదనాన్న ఒక స్టిక్కరు చేతిలోకి తీసుకుని, చూసి చూసి, మెల్లగా, "ఎవరు పోయారండీ?" అన్నాడు. మా చర్చిలో ఎవరైనా చనిపోతే పంచే కార్డుకి అచ్చం అలాంటి నల్లంచే ఉంటుంది. మూర్తిగారు మొహం తిప్పుకుని నవ్వాడు. "పోన్లెండి, ఈసారికి కలగలుపులో పంపేద్దాం" అన్నాడు. నాకు ఏడుపొచ్చేసింది. సిగ్గుతో ఐసు పొడిలో దూరిపోదామనిపించింది. పెద్దమ్మ ఫ్లాపీ తీసుకుని బయటికి నడిచింది. ఆవిడ తిట్టకపోవడం నేను చూడడం అదే మొదలు. అది తిట్టడం కన్నా ఘోరంగా ఉంది.

ఇంటికొచ్చి స్నానం చేసి, నిమ్మచెక్కతో మూడుసార్లు చేతులు రుద్దుకుని, లేసు బుట్ట తీసుకుని వరండాలో కూర్చుంది. ఐదు నిమిషాలయ్యాక, "ఆ గళ్ళెలా వేశావో కాగితం మీద చూపించు" అంది. చదరాల లెక్కల పుస్తకంలో బాతుని మళ్ళీ గీశాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, సూది మొనతో గళ్ళు లెక్కపెడుతూ పోయింది. లేసు అల్లిక కూడా అంతేనని నాకు అప్పటిదాకా తెలియదు. నిండు గడి, ఖాళీ గడి, ఆ రెండింటితోనే ద్రాక్షగుత్తులూ దేవదూతలూ వస్తాయి.

"ఇదిగో, బాతు ఒంట్లో గడి తెల్లగా ఉంది. బయట గడీ తెల్లగానే ఉంది. రెండూ ఒకటేనా?"

"కాదు పెద్దమ్మా. లోపలిది తెల్లరంగు. బయటిది ఖాళీ."

"మరి ఆ ఖాళీని ఏం చెయ్యాలో మిషనుకి చెప్పావా?"

చెప్పలేదు. ఏమీ చెప్పకపోతే అది నలుపు పోసుకుంది. తెలుపు కాని ప్రతిదాన్నీ నలుపే అనుకుంది కాబట్టి పసుపు ముక్కూ నారింజ కాళ్ళూ కూడా ఆ చీకట్లో కలిసిపోయాయి. ఇది నాకు రెండు నెలలు ఫీజు కట్టించుకున్న సారు చెప్పలేదు, పెళ్ళికార్డుల శాస్త్రిగారు చెప్పలేదు, కంప్యూటరు ముట్టని పెద్దమ్మ సూదిమొనతో చూపించింది. "పిచ్చిదానా, ఖాళీ అంటే వదిలెయ్యడం కాదే. లేసులో ఖాళీ గడి కూడా అల్లాలి. అల్లకపోతే చిరుగంటారు" అంది. తరవాత నాలుగు తిట్లు కూడా తిట్టింది. అప్పుడు నా ప్రాణం కుదుటపడింది.

కానీ మర్నాడు ఆదివారం. లారీ సోమవారం పొద్దున్న. చర్చికి ఐదు నిమిషాలు ఆలస్యంగా వచ్చినవాళ్ళని గుమ్మంలోనే నిలబెట్టి కడిగేసే పెద్దమ్మ, పొద్దున్నే ఎర్రంచు చీర కట్టుకుని, "గూడెం పద" అంది. పెదనాన్న గుండెమీద చెయ్యి పెట్టుకున్నాడు. "ఏవండీ, ఫాదరుగారు అడిగితే ఏం చెప్పమంటారు?" "జొరమని చెప్పవయ్యా" అంది గడప దాటుతూ. ఒక చేతిలో చదరాల కాగితం, రెండో చేతిలో మూతపెట్టిన స్టీలు క్యాను. క్యానులో నీళ్ళు, నీళ్ళలో బతికున్న కొరమీను. ఊరికే పని చెయ్యమని ఎవరినీ అడగకూడదని ఆవిడ పట్టుదల. రైల్లో అది మూతని లోపల్నుంచి తంతుంటే ఎదురు సీటాయన చెబ్రోలు దాకా క్యానునే చూస్తూ కూర్చున్నాడు.

గూడెంలో ఇంటికెళ్ళి పిలిస్తే శాస్త్రిగారు జంధ్యం సవరించుకుంటూ బయటికొచ్చి, "ఆదివారం షాపు తియ్యనండీ. ఏవీ అనుకోకండి" అన్నారు ఎంతో మర్యాదగా. "మీ ఇష్టం అయ్యగారూ. ఇది మాత్రం తీసుకోండి, మా చెరువుది" అని పెద్దమ్మ మూత తీసింది. కొరమీను ఆ అవకాశం కోసమే చూస్తున్నట్టు ఒక్క ఎగురు ఎగిరి వాళ్ళ వరండాలో, కడిగి ముగ్గేసిన గచ్చు మీద పడింది. లోపల్నుంచి వాళ్ళావిడ "ఏవండీ!" అని వేసిన కేక రైలుస్టేషనుకి వినపడి ఉంటుంది. పెద్దమ్మ గచ్చుమీద మోకాళ్ళ మీద కూర్చుని దాన్ని పట్టుకోబోయింది. అది శాస్త్రిగారి చెప్పుల్లో దూరింది. "షాపు తీస్తానమ్మా, తల్లీ, తీస్తాను! ముందు దాన్ని పట్టుకెళ్ళిపోండి!" అన్నారాయన గోడకి అంటుకుపోయి. వాళ్ళు చేప తినరన్న సంగతి ఆవిడకి నిజంగా తట్టలేదో, తట్టే తెచ్చిందో, నేను ఎన్నిసార్లడిగినా చెప్పలేదు.

షాపులో నేను కంప్యూటరు ముందు, పెద్దమ్మ నా పక్కన స్టూలుమీద, క్యాను వీధిలో. ఆవిడ కాగితం చూసి వరస వరసా చదివింది. "తొమ్మిది ఖాళీ. ఐదు నిండు. పద్దెనిమిది ఖాళీ." నేను ఒక్కో గడీ నొక్కాను. ఖాళీ అన్నచోట వదలకుండా తెలుపు నింపాను. ముక్కు నలుపు, కాళ్ళు నలుపు. ఒళ్ళు కూడా నిండు నలుపే చెయ్యమంది, ఐసు తడిసినా దూరంనుంచి కనపడాలని. కన్ను దగ్గరకొచ్చేసరికి ఆగింది. "కన్ను ఒక్కటీ తెరిచి ఉంచు. హౌరాలో ఎవడేం చేస్తున్నాడో చూడాలి" అంది. శాస్త్రిగారు ఫైలు మార్చాక ఈసారి నేనే అడిగాను, బొమ్మ తెరమీద చూపించండి అని. ఆ రోజునుంచి రిటైరయ్యేదాకా నా క్లాసులో ప్రతి బ్యాచికీ మొదటిరోజు చెప్పిన మాట అదే, మార్చాక తెరిచి చూడండి అని.

ఇంటికొచ్చేసరికి పెదనాన్న వీధి చివరే నిలబడి ఉన్నాడు. "ఏవండీ, త్వరగా పడుకోండి. జొరమని చెప్పాను. ఫాదరుగారూ, స్త్రీల సమాజం వాళ్ళూ ప్రార్థన చెయ్యడానికి వస్తున్నారు." పెద్దమ్మ ఎర్రంచు చీరతోనే మంచమెక్కి, మెడదాకా దుప్పటి కప్పుకుంది. పదిమంది ఆడవాళ్ళు మంచం చుట్టూ చేరి కళ్ళు మూసుకున్నారు. వంటింట్లో క్యాను దడదడలాడుతోంది. ఫాదరుగారు ఆవిడ చెయ్యి పట్టుకుని, "చేతులు మాత్రం చల్లగా చేపల్లా ఉన్నాయమ్మా" అన్నారు. పెదనాన్న ప్రార్థన అందుకున్నాడు. దేశాధినేతల దగ్గర మొదలుపెట్టాడు. ఆ ఒక్కసారికి పెద్దమ్మ మధ్యలో ఆమెన్ అనలేదు.

సోమవారం లారీలో బాతు వెళ్ళింది. తెల్లటి స్టిక్కరు, నల్లటి బాతు, తెరిచిన కన్ను. మూడు రోజులకి ఎస్టీడీ బూతునుంచి పెదనాన్న పరుగెత్తుకొచ్చాడు, మూత తియ్యకుండానే పాట పెట్టారని. పెద్దమ్మ సూది ఆపకుండా, "అదేమన్నా కొత్తా?" అంది. కానీ ఆ వరస తప్పు అల్లి, విప్పి మళ్ళీ అల్లడం నేను చూశాను.

ఇప్పుడు ఆ ఫ్లాపీ పట్టుకుని ఏలూరంతా తిరిగాను. ప్రతి కంప్యూటరు షాపులోనూ, "ఇవి చదివే మిషన్లు లేవండీ" అన్నారు. ఒకతను జాలిపడి టీ ఇప్పించాడు. గ్రేసు ఫోనులో ఏ బొమ్మనైనా ఏ రకంలోకైనా మారుస్తుంది, చిటికెలో, రైలెక్కకుండా, కొరమీను లేకుండా. అది ఖాళీని ఖాళీగానే ఉంచుతుంది, ఎవరూ చెప్పక్కర్లేదు. మంచిదే. కుళ్ళుకుని ఏం లాభం? కానీ మా బాతు మాత్రం ఆ నల్లపలకలో చిక్కుకుని ఉండిపోయింది. తమ్ముడు ఆ చెరువులు లీజుకిచ్చేశాడు, ఇప్పుడు సరుకంతా కలగలుపే. విసుగొచ్చి ఫ్లాపీని డబ్బాలో పడేసి, చుట్టిన లేసుముక్కని మడత విప్పి బల్లమీద పరిచాను. అప్పుడు చూశాను. అడ్డం ముప్పైరెండు గళ్ళు, నిలువు ముప్పైరెండు. తొమ్మిది ఖాళీ, ఐదు నిండు, పద్దెనిమిది ఖాళీ. కన్ను ఒక్కటీ తెరిచి ఉంది. నన్ను నమ్మింది కానీ నా ఫ్లాపీని నమ్మలేదు ముసల్ది. అప్పుడు ఏడ్చాను, బాగా ఏడ్చాను.

సూదిమొనతో లెక్కపెట్టుకుంటూ ఆ గళ్ళన్నీ మళ్ళీ ఎక్కించి కార్డుమీద వేయించాను. ప్రెస్సాయన నల్లంచు లేకపోతే పెళ్ళికార్డనుకుంటారండీ అని నెత్తీనోరూ బాదుకున్నాడు. నల్లంచు వద్దన్నాను. గ్రేసు, "సంతాపం కార్డుమీద బాతేంటి వదినా, అందరూ నవ్వుతారు" అంది. నవ్వనీ అన్నాను. కొన్ని కార్డులు కలిదిండిలో మూర్తిగారి ఫ్యాక్టరీకి కూడా పంపించాను, ఎవరున్నారో ఎవరు లేరో తెలియకుండానే.

కూడిక రోజున నిజంగానే కొందరు నవ్వారు. పాటలైపోయి భోజనాలకి లేస్తుండగా, చర్చి గుమ్మం బయట ఒక ముసలాయన చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. లోపలికి రావడానికి మొహమాటపడుతున్నాడు. ఎవరండీ మీరు అని అడిగాను. ఐసు ఫ్యాక్టరీలో పెట్టెలు ఎత్తేవాణ్ణండి అన్నాడు. జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీసి, తడి తగలకుండా అందులో దాచుకున్న కార్డుని బయటికి తీశాడు.

"కార్డు చదువుకుని మీరు రావడం మంచిదైందండీ" అన్నాను.

"నాకు చదువు రాదండీ" అన్నాడు. "బాతుని చూసి వచ్చానండి."